పురుగు లేని గీత

ముందు ఒడి విప్పారు, ఆ తర్వాతే మనిషిని లేపారు. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఆ వరస మారదేం, అనుకుంది వసుమతి. మనసు తనకు అనువుగా ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ జరుపుకుంటుందని ఆమెకు తెలుసు. చిన్నప్పటి సంగతులు ఎన్నింటినో తను అట్లా జరుపుకుంది. ఇది మాత్రం జరగదు. వజ్రమ్మ చిక్కుడు సాలులో మోకాళ్ళ మీద కూలబడింది. నోట్లోంచి చొంగ తీగలా సాగింది. ఒళ్ళంతా చెమట. మేస్త్రి మురళీధరన్ పరుగున వచ్చాడు, వంగాడు, ఆమె నడుముకు బిగించి కట్టుకున్న ఒడి ముడి విప్పి, కాయలన్నీ క్రేటులోకి వంపాడు. మట్టిలో పడిన కాయల్ని కూడా ఏరి, ఊది, అందులోనే వేశాడు. అప్పుడన్నాడు: "లేపండి, లేపండి. ఎండదెబ్బ."

అప్పటికింకా పొద్దు పొడవలేదు.

ఎండ ఎక్కడుందని ఎవరైనా అడగొచ్చు. కోతకు వచ్చిన ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. వసుమతి గట్టు మీద నిలబడి ఉంది. తోట ఆమెదే. ముందురోజు సాయంత్రం మందు కొట్టిందీ ఆ తోటకే. మంచుకు తడిసిన ఆకుల్లోంచి, కాయల్లోంచి ఆ మందంతా కారి వజ్రమ్మ చీర తడిపి, కడుపుకు అంటుకుని ఉంటుందని ఆమెకు అప్పుడే తట్టింది. నోరు తెరిచింది కూడా. గాలి లోపలికి పోయింది, మాట బయటికి రాలేదు.

చాలాకాలం దాన్ని భయం అనుకునేది. భయం కాదు. భయమైతే గుండె కొట్టుకుంటుంది, చేతులు చల్లబడతాయి. ఇది అలవాటు. వాన చినుకు పడితే తల మీద కొంగు కప్పుకున్నట్టు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆమె నోరు దానంతట అదే మూసుకుంటుంది. భర్త శ్రీపెరుంబుదూరు కంపెనీలో పని చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. ఆ సంగతి ఫోనులో చెప్తే అతను, "నువ్వేం మాట్లాడలేదు గదా? మంచి పని చేసినావు" అన్నాడు. ఆ మెచ్చుకోలు ఆమెకు ఒంటి మీద బల్లి పడ్డట్టుంది.

ఆ ఊరు పళ్ళిపట్టు నుంచి తిరుత్తణి పోయే బస్సు రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. కాలువకు ఇవతల భూములున్న కుటుంబాలు. అవతల దళితుల కాలనీ. రెండు వైపులా మాట్లాడేది తెలుగే, బడిలో పలక మీద రాసేది తమిళమే. ఇవతలి తోటల్లో కాయ కోసేది అవతలి ఆడవాళ్ళు. తోటలన్నీ చిక్కుడే. చిక్కుడంతా తిరుత్తణి బజారులో పురుగుమందుల అంగడి ఉన్న వరదరాజులుకే పోతుంది. మందు ఆయనదే, మందు కొట్టే ఇంజినూ ఆయనదే, కాయను కోయంబేడు కూరగాయల మార్కెట్టుకు ఎత్తే బండీ ఆయనదే. మందు కొట్టని తోట కాయ బండి ఎక్కదు. అదొక్కటే ఆయన పెట్టిన చట్టం.

చట్టాన్ని నడిపేది మురళీధరన్. తోటలోకి వచ్చి ఒక ఆకు తుంచుతాడు. ఆకు మీద తెల్లగా, మెలికలు తిరిగి గీతలుంటాయి, ఎవరో సుద్దముక్కతో పిచ్చిగీతలు గీసినట్టు. ఊళ్ళో దాన్ని గీతల తెగులంటారు. గీత కనిపించిందా, మందు. మూడు డబ్బాల్లోవి కలిపి కొడతారు. అవి ఏ మందులో ఎవరికీ తెలియదు, ఖాళీ డబ్బాలు మురళీయే పట్టుకుపోతాడు. వజ్రమ్మను చేర్చిన తిరుత్తణి ఆసుపత్రిలో డాక్టరు, "ఏం మందు కొట్టారు?" అని అడిగితే వజ్రమ్మ కూతురు చందన ఊరంతా తిరిగింది. వసుమతి గడపలోకీ వచ్చింది.

"అత్తా, ఏ మందో తెలుసునా నీకు?"

"తెలీదమ్మా."

"మీ తోటే గదా?"

తన తోటలో ఏం పోస్తున్నారో తనకు తెలియదన్న సంగతి వసుమతికి ఆ పిల్ల అడిగిందాకా తెలియలేదు.

తర్వాతి కోత రోజు కాలనీ ఆడవాళ్ళంతా కాలువ గట్టు మీద వరసగా కూర్చున్నారు. గంపలు బోర్లించి పక్కన పెట్టుకున్నారు. ఒక్కరూ తోటలోకి దిగలేదు.

"ఏంది మే, ఈపొద్దు పండగా?" అన్నాడు జనార్ధనం. అతను వసుమతి భర్తకు అన్న, ఆమెకు బావ. గొంతు పెద్దది. ఆ గొంతు లేకుండా ఇవతలి వైపు ఏ నిర్ణయమూ జరగదు.

"పండగేనయ్యా. మందు కొట్టని తోట చూపించు, దిగుతాం" అంది ఒకామె.

"మందు కొట్టకుంటే బండి ఎత్తదు గదా!"

"ఎత్తకుంటే ఆ బండినే తోటలోకి దించు, అదే కోసుకుంటాది."

ఆడవాళ్ళు నవ్వారు. జనార్ధనం మొహం ఎర్రబడింది. "కాయ ముదిరిపోతే నాశనమయ్యేది మేము. మీకేమి, ఇంకో ఊరికి పోతారు."

"మనిషి పడిపోతే నాశనమయ్యేది ఎవురు?"

"వజ్రమ్మకు ముందు నించీ నీరసం. రాత్రి తినలేదంట."

"తినిందో లేదో నువ్వొచ్చి వడ్డించినావా?" అంది ఒక పడుచు లేచి నిలబడి. "నా చేతులు చూడు. నీ చిక్కుడు కోసి కోసి తోలు ఊడింది. అన్నం కలుపుకుంటే మంట. దీనికి కూడా రాత్రి తినలేదనే చెప్తావా?"

ఆ పడుచు చేతులు చాపింది. జనార్ధనం చూడలేదు. చూస్తే ఒప్పుకున్నట్టవుతుందని చూపు పక్కకు తిప్పాడు. గట్టు మీద దూరంగా నిలబడ్డ వసుమతి ఆ చూపు తిప్పడాన్ని గుర్తుపట్టింది. అది తనకు బాగా తెలిసిన పని.

ఆ సాయంత్రం పాల సొసైటీ షెడ్డులో గొడవ ముదిరింది. పాలు పోయడానికి రెండు వైపుల వాళ్ళూ వచ్చే చోటు ఊళ్ళో అదొక్కటే. తోటల వాళ్ళు కూలీల మీద అరిచారు. కూలీలు తోటల వాళ్ళ మీద అరిచారు. నువ్వు మందు కొట్టించినావని ఒకరు, నువ్వు కోతకు వచ్చినావని ఒకరు. చందన మధ్యలోకి వచ్చింది. తిరువళ్ళూరు దగ్గర కాలేజీలో వ్యవసాయం చదువుతోంది ఆ పిల్ల. మొదలుపెట్టడమే చేతకాలేదు. క్లాసులో విన్న తమిళం మాటలు గడగడా అప్పజెప్పింది. "సుమ్మా ఉండు పాపా, ఊరుకో. పాలు విరిగిపోతాయి" అన్నాడొకడు. షెడ్డంతా నవ్వింది. చందన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విసురుగా బయటికి పోయి, పక్క తోటలోంచి చిక్కుడాకులు పిడికెడు తుంచుకొచ్చి అందరి చేతుల్లోనూ కుక్కింది.

"ఎండకు ఎత్తి పట్టుకోండి. మాట్లాడొద్దు. చూడండి."

పొద్దు కుంకబోతోంది. అందరూ షెడ్డు వాకిట్లోకి వచ్చి ఆకుల్ని ఎర్రటి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు.

"ఆ గీత తెగులు గాదు. పురుగు నడిచిన దోవ. చిన్న ఈగ ఆకు లోపల గుడ్డు పెడతాది. పురుగు పుట్టి ఆకు రెండు పొరల నడమ తింటా పోతాది. గీత సన్నంగా మొదలై పోను పోను లావవుతాది. ఆ లావు కొసలో చూడండి. పసుపుగా చిన్న పురుగుండాల. ఉండాదా?"

"నా ఆకులో లేదే."

"నాదాంట్లోనూ లేదు."

"ఇదో, ఇదో, దీంట్లో ఒకటుంది! కదలతా ఉంది!"

"మిగిలినవి యాడికి పోయినాయి?"

"తిని పెద్దదై, ఆకు చీల్చుకొని మట్టిలోకి పోయినాయి. గీత మటుకు పోదు. ఆకు రాలిందాకా ఉంటాది. మురళన్న వచ్చి గీత చూస్తాడు, మందు కొట్టమంటాడు. మళ్ళా వచ్చి అదే గీత చూస్తాడు, మళ్ళా కొట్టమంటాడు."

జనార్ధనం తన చేతిలోని ఆకును ఇంకా ఎత్తే పట్టుకుని ఉన్నాడు. "అంటే... పురుగు లేని గీతకా మనం ఇన్నాళ్ళూ మందు కొడతా ఉండేది?"

"ఉన్నా తగలదు మామా. పొరల నడమ ఉంటాది గదా."

"తగలకుంటే ఎందుకు కొట్టిస్తాడు?"

"అమ్ముకునేదానికి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఈసారి నవ్వులో కూలీలూ తోటల వాళ్ళూ కలిశారు.

వజ్రమ్మ అయ్యా అని పిలిచే మనిషిని చందన మామా అని పిలుస్తుంది. అదివరకు అతను విననట్టుండేవాడు. ఆరోజు పలికాడు.

నమ్మనివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ కోసం చందన రెండు గాజు సీసాలు తెచ్చింది. ఒకదాంట్లో జనార్ధనం తోటలోని గీతల ఆకులు, కొసలో పురుగున్నవే ఏరి. ఇంకోదాంట్లో అట్లాంటివే, ఎన్నడూ మందు ఎరగని ఆకులు, వజ్రమ్మ ఇంటి కంచె మీద పాకిన తీగవి. మూతికి పల్చటి గుడ్డ కట్టి షెడ్డు కిటికీలో పెట్టింది. పాలు పోయడానికి వచ్చిన ప్రతివాడూ వంగి సీసాలు చూసేవాడు. కొన్నాళ్ళకు జనార్ధనం సీసా నిండా ఈగలు, నలుపూ పసుపూ కలిసిన చిన్న ఈగలు. వజ్రమ్మ సీసాలో ఈగలు ఒకటో రెండో. మిగిలినవన్నీ నల్లగా మిలమిలలాడే ఏవో పురుగులు, నువ్వుగింజలో సగం లేవు.

"నా సీసాలోకి ఎవడో ఈగల్ని తోలినాడు" అన్నాడు జనార్ధనం.

"తోలింది నువ్వే మామా. ఈ నల్లవి కందిరీగల జాతి. ఆకులో ఉండే పురుగును పట్టుకొని దాంట్లోనే పిల్లల్ని పెడతాయి. ఈగను తినేది ఇది. నువ్వు కొట్టే మందుకు మొదట చచ్చేదీ ఇదే. పురుగు లోపల దాక్కొని ఉంటాది, ఇది బయట తిరగతా ఉంటాది గదా."

వసుమతి అందరూ పోయిందాకా ఆగి, ఒంటరిగా సీసాల ముందు కూర్చుంది. గుడ్డ కింద ఆ నల్లటి ప్రాణులు గాజు మీద ఎక్కుతున్నాయి, జారుతున్నాయి, మళ్ళీ ఎక్కుతున్నాయి. తన తోటలో ఇవి ఎప్పుడైనా ఉన్నాయా? ఉండే ఉంటాయి. అత్త కాలంలో మందు లేదు, చిక్కుడు ఉంది. తన తోట అన్ని తోటలకూ నడుమ ఉంది. అక్కడ మందు కొడితే గాలి ఎటు వీస్తే అటు తోటలో ఇవన్నీ రాలిపోతాయి. కొంతమంది మానేసి కొంతమంది కొడితే లాభం లేదు. మానితే అందరూ మానాలి. ఆ ఆలోచన ఆమెకు మొదట వచ్చింది. మరుసటి సాయంత్రం షెడ్డులో అదే మాట చందన అన్నప్పుడు తన మనసును ఎవరో పైకి చదివినట్టనిపించి సిగ్గుపడింది.

ఆ సాయంత్రానికి వజ్రమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది. మొహం పీక్కుపోయింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి. కూతురి భుజం పట్టుకొని నిలబడింది.

"మందు లేకుంటే ఏం చెయ్యాలో నా బిడ్డ చెప్తాది. అడుగున గీతలు పడిన ఆకు ఏరెయ్యాల. వేపగింజలు దంచి నానబెట్టి ఆ నీళ్ళు చల్లాల. డబ్బా రేకులకు పసుపు రంగేసి ఆముదం పూసి తోటలో నాటాల, ఈగ వచ్చి అంటుకుంటాది. ఇదంతా పని. మీ ఇండ్లలో ఉండే మనుషులతో కాదు. మేము వస్తాం. కోతకు కూలి కూలే. ఆకు ఏరే పనికి మాత్రం కూలొద్దు. ముయ్యికి వస్తాం."

ముయ్యి అంటే మీరు మా చేలో ఒకరోజు పని చేస్తే మేము మీ చేలో ఒకరోజు చేస్తామన్న ఒప్పందం. అది ఆ ఊళ్ళో భూములున్న ఇళ్ళ మధ్యనే నడిచేది. సమానులు సమానులతో చేసుకునేది. కాలువ అవతలి మనిషి ముయ్యి అన్న మాట ఇవతలి మనిషితో అనడం అదే మొదలు.

"మీకు తోటలు యాడుండాయి?" అన్నాడు జనార్ధనం, నెమ్మదిగా.

"గుత్తకు తీసుకున్న భూమి చెక్క ఉంది కాలువ అవతల. కంచెల మీద తీగలుండాయి. మా నేలలో నువ్వు వంగు, నీ నేలలో నేను వంగతా. లేదంటే నీ వరదరాజుల్నే పిలుచుకో."

"ఇదేం మాట! మగోళ్ళం పోయి కాలనీలో ఆకులు ఏరాల్నా?"

"ఏం, మా ఆకు నీ చేతికి అంటుకుంటాదా?" అంది వజ్రమ్మ. "మీ ఆకులో ఉండేది నా కడుపుకు అంటింది గదా."

ఎవరూ నవ్వలేదు. వాదం చీకటి పడిందాకా సాగింది. ఒకరు లేచిపోయారు, మళ్ళీ వచ్చారు. చివరికి ఒక్కొక్కరినీ అడుగుతూ పోయారు. వంతు వచ్చినప్పుడు వసుమతి నోరు తెరిచింది. మాట అక్కడే ఉంది, నాలుక కింద, ఉసిరి గింజలాగా. అందరూ తనవైపు చూస్తుంటే ఆమె కిటికీలో సీసాల వైపు చూసింది.

"అదేమీ అనదులే" అన్నాడు జనార్ధనం. "నా మాటే దాని మాట. సరి, రాసుకోండి."

అంతే. ఆమె మౌనం ఎప్పటిలాగే అవునయింది. నిజంగా ఆమె అవుననే అనబోయింది. అయినా తనదేదో ఎవరో దొంగిలించినట్టుంది లోపల.

తెల్లవారి జనార్ధనం కాలువ దాటాడు. పంచె ఎగగట్టుకొని కాలనీ చెక్క అంచున కాసేపు నిలబడ్డాడు. అతను గొంతు సవరించుకొని, "నా సాలు ఏది?" అన్నాడు. వజ్రమ్మ వేలెత్తి చూపించింది. అతను వంగాడు.

ఆకులు ఏరే పని ఊరికి కొత్త మాటలు నేర్పింది. ఒకే సాలులో ఎదురెదురుగా వంగిన మనుషులు తలలు గుద్దుకున్నారు, తిట్టుకున్నారు, కల్లు రేటు గురించీ, ఆధార్ ఆఫీసు గురించీ మాట్లాడుకున్నారు. జనార్ధనం మంచి ఆకులు కూడా పీకేస్తుంటే, "మామా, నువ్వు ఆకు ఏరతా ఉండావా, మేక మేస్తా ఉండాదా?" అని పడుచులు ఏడిపించారు. వేపగింజల నీళ్ళ వాసనకు ఊరంతా ముక్కు మూసుకుంది. కొత్త చిగుళ్ళ మీద గీతలు పూర్తిగా పోలేదు. తగ్గాయి. అడుగున గీతలు పడ్డ తీగలే పైన గుత్తులు గుత్తులుగా కాశాయి. కాయకు ఏమీ కాలేదు. ఎన్నడూ ఏమీ కాలేదని, గీత ఆకుకే గాని కాయకు కాదని అప్పుడు గమనించారు.

వరదరాజులు బండి పంపలేదు. కోసిన కాయ షెడ్డులో గుట్టపడింది. పొద్దున మొదటి బస్సుకు గంపలన్నీ రోడ్డు మీదికి మోశారు.

"ఇది బస్సా, కోయంబేడు లారీయా?" అన్నాడు కండక్టరు.

"టికెట్టు కొట్టన్నా. కాయకు సీటొద్దు, నిలబడే వస్తాది" అంది పడుచు.

తిరుత్తణి సంతలో చందన ఒక అట్టముక్క మీద తమిళంలో 'మందు కొట్టని చిక్కుడు' అని పెద్దగా రాసి గంపకు ఆనించింది. కొండకు పోయే భక్తులు, బడి పంతులమ్మలు ఆగి చదివారు. కాయ విరిచి చూశారు. సాయంత్రానికి గంపలు ఖాళీగా తిరిగొచ్చాయి.

అప్పుడు వరదరాజులు తానే వచ్చాడు, కారులో. షెడ్డు ముందు దిగి, చల్లగా మాట్లాడాడు. "ఏమప్పా జనార్ధనం, ఎవరో చిన్నపిల్ల చెప్పిందని ఇట్లనా? మీ తోటల్లో పుట్టిన పురుగు పక్క ఊర్లకు పోతాది. నేను పైకి రాసి పంపితే మీకే చిక్కు. మందు కొట్టమని మీ మంచికే చెప్తా ఉండా. దాంట్లో ఏముంది, సబ్బునీళ్ళ లాంటిది."

జనార్ధనం నోరు తెరిచేలోపు వజ్రమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది.

"సబ్బునీళ్ళేనా అయ్యా?"

"మరేంది?"

"అయితే పంచె మడిచి ఒడి కట్టండి. నిన్న పక్క ఊళ్ళో మీవాళ్ళు మందు కొట్టినారు గదా. ఆ తడి కాయ తెచ్చి మీ ఒడిలో పోస్తాం. తిరుత్తణి దాకా కడుపుకు ఆనించుకొని నడిచి పొండి. మీరు మంచిగా చేరితే రేపు నేనే మందు కొడతా."

"కట్టయ్యా, ఒడి కట్టు!" అన్నారు వెనక నుంచి.

"కట్టు! కట్టు!"

అది ఊరంతా అన్నది. ఇవతలివాళ్ళు, అవతలివాళ్ళు. కారు చుట్టూ చేరారు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు, దారీ ఇవ్వలేదు. వరదరాజులు పంచె కుచ్చిళ్ళు రెండు చేతులతో పట్టుకొని కారులోకి దూరాడు. ఎవరో ఒడి కడతారేమోనన్నంత భయంగా. ఆ భయం చూసి జనం ఆనందంతో కేకలు పెట్టారు. వసుమతి వెనకాల నిలబడి ఆ భయాన్ని తనూ చూసింది. ఆయనకు తెలుసు. ఆ నీళ్ళేమిటో మొదటినుంచీ తెలిసే పోయిస్తున్నాడు. ఆమెకు కోపం వచ్చింది. అది కోపమేనని పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. ఎన్నో ఏళ్ళుగా అది తనవైపు రాలేదు.

మరునాడు పోలీసు జీపు వచ్చింది. దారి అడ్డగించి చంపుతామని బెదిరించారని ఫిర్యాదు. జనార్ధనాన్నీ చందననూ ఎక్కించుకొని పోయారు. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు క్యాన్లు అక్కడే వదిలేశారు. "ఇద్దరేనా ఒడి కట్టమన్నది? అందరం అన్నాం గదా, అందర్నీ ఎక్కించుకోమను!" అంటూ కాలువకు రెండు వైపుల వాళ్ళూ కలిసి స్టేషనుకు నడిచారు. వసుమతి తలుపు వెనక నిలబడి ఆ అడుగుల చప్పుడు విన్నది. ఎవరైనా తలుపు తట్టి పిలుస్తారనుకుంది. ఎవరూ పిలవలేదు. ఏమీ అనని మనిషిని ఎందుకు పిలుస్తారు?

తోటకు పోయింది. వేరే తోచలేదు. దూరంగా జనార్ధనం చేలో అంత దూరం నడవలేని ముసలి ఆడవాళ్ళు కొందరు ఆకులు ఏరుతున్నారు. ముయ్యి ఆగకూడదని వజ్రమ్మ వాళ్ళను కూర్చోబెట్టుకొని ఏరిస్తోంది.

రోడ్డు నుంచి ఇంజిను మోత వినిపించింది.

వరదరాజులు బండి. వెనక డ్రమ్ము, రబ్బరు గొట్టాల చుట్టలు. మురళీధరన్ దిగాడు. మొహాలకు తువ్వాళ్ళు కట్టుకున్న ఇద్దరు మనుషులు దిగారు. ఊరు ఖాళీ అయిందని తెలిసే వచ్చారు. నేరుగా నడిమి తోటకే వచ్చారు.

"ఏం అక్కా, బాగుండారా?" అన్నాడు మురళీ. అతని వేళ్ళ సందుల్లోనూ తోలు ఊడి ఉంది. "నాకేమి అక్కా, చెప్పిన పని చేస్తా ఉండా. మీ ఒక్క తోటకు కొడితే చాలన్నాడు అయ్య. రేపటినించి మీ వాకిట్లోకే బండి వస్తాది."

వసుమతి బండి మీది డ్రమ్ము వైపు చూసింది.

"ఆ గొడవల్లో మీరేమీ అనలేదంట గదా. అయ్యకు తెలుసు. మీరు ఒక్క మాట కూడా అనలేదని చెప్పినా నేను. అంటే సరేననే గదా?"

అతను నవ్వుతూ ఆమె మొహంలోకి చూశాడు. ఒక క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆమె ఏమీ అనలేదు. అతనికి అది చాలు. చెయ్యి ఊపాడు. తువ్వాలు కట్టుకున్న మనిషి డబ్బా మూత తీసి డ్రమ్ములోకి పోశాడు. ఆ వాసన ఆమెకు గొంతులో తగిలింది. ఇంకొకడు లావు పైపు కొసను తెచ్చి, ఆమె బోరు నీళ్ళు నిండిన సిమెంటు తొట్టిలో ముంచాడు. ఇంజిను నీళ్ళు పీల్చడం మొదలుపెట్టింది. తొట్టిలో చిన్న సుడి తిరిగింది.

ఇది నిండడానికి ఎంతసేపు? తర్వాత గొట్టాలు విప్పుతారు. తర్వాత తెల్లటి పొగలాంటి జల్లు. గాలి అవతల చేల మీదికి, అక్కడినుంచి కాలనీ చెక్క మీదికి, కంచెల మీద తీగల మీదికి పోతుంది. ఆకుల కింద నల్లటి ఆ చిన్న ప్రాణులు తలకిందులుగా రాలతాయి. స్టేషను ముందు కూర్చున్నవాళ్ళకు రాత్రికి తెలుస్తుంది. వసుమతి ఏమీ అనలేదంట, అని.

అటు చూసింది. జనార్ధనం చేలో ముసలివాళ్ళు నడుములు ఎత్తారు. ఇంజిను మోత వాళ్ళకూ వినిపించింది. వజ్రమ్మ కర్ర పట్టుకొని గట్టు ఎక్కింది. మిగిలినవాళ్ళు ఆమె వెనక. "ఎవురది? ఎవురా అది?" అని అరుపు సన్నగా వినిపించింది. వస్తున్నారు. వస్తారు. కాసేపు పడుతుంది, అంతే. వాళ్ళు వచ్చేదాకా ఇట్లాగే నిలబడితే చాలు. ఏం అనాలో వజ్రమ్మే అంటుంది. తను వాళ్ళ వెనక చేరి, అందరిలో ఒకతెగా నిలబడొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఎప్పుడూ అట్లాగే జరిగింది. అవతలివాళ్ళు మాట్లాడతారు, తను ఆ మాటల నీడలో నిలబడుతుంది.

వాళ్ళు వచ్చేలోపు డ్రమ్ము నిండొచ్చు, నిండకపోవచ్చు. ఆమె ఆలోచిస్తున్నది దాని గురించి కాదు.

"మీరు పక్కకు జరగండి అక్కా, చీర తడుస్తాది" అన్నాడు మురళీ.

వసుమతి జరగలేదు. నోరు తెరవనూ లేదు. మాట కోసం ఎదురుచూడడం మానేసింది. రెండడుగులు వేసి, తొట్టి అంచు పట్టుకొని వంగి, మోచేతి దాకా నీళ్ళలోకి చెయ్యి పెట్టి, పైపును బయటికి లాగేసింది.